కలకత్తా మేళం

ఆ మధ్య అరసవల్లి గుడికి వెళ్ళి ఆటోలో తిరిగి వస్తుంటే కూడలి దగ్గర బళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడు ఏ కూడలిలో చూసినా ఉన్నట్టే అక్కడా కరెంటు స్తంభాల మధ్య నాలుగైదు ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి, పుట్టినరోజులవీ, కొత్తగా పదవులు వచ్చినవాళ్ళవీ. అన్నిటికంటే కింద ఒక చిన్న శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, అందులో నల్లకోటు వేసుకుని మా మావయ్య. మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. ఆయన పోయింది మా ఇంట్లోనే, దినకర్మలు చేయించిందీ మేమే, అయినా ఈ ఫ్లెక్సీ సంగతి నాకు తెలియదు. మా వీధి కుర్రాళ్ళు అభిమానం కొద్దీ వేయించారట, ఫొటో మా అబ్బాయి దగ్గర తీసుకున్నారట. ఫొటో పక్కన పెద్ద గిటారు బొమ్మ వేశారు. మావయ్య జన్మలో గిటారు ముట్టుకోలేదు. ఆయనది శాక్సాఫోను. ఫ్లెక్సీ దుకాణంలో ఆ బొమ్మ దొరకలేదో, సంగీతమంటే గిటారేనని అనుకున్నారో మరి. నాకు కోపం రాలేదు, నవ్వు కూడా రాలేదు. బళ్ళు కదిలాయి, ఇంటికి వచ్చేశాను.

అంతకు ముందటి ఏడే మా నాన్న పోయాడు. ఆయన ట్రంపెట్ వాయించేవాడు. ఇద్దరూ బావా బావమరుదులు, ఒకే గురువు దగ్గర నేర్చుకుని, మధ్యలో చాలా ఏళ్ళు వేరుపడి, మళ్ళీ ఒకే మేళంలో వాయించి, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. నిండు వయసులో పోయినవాళ్ళే కనుక ఏడ్చి చెప్పుకోవలసిన కథ కాదు. కాకపోతే పెళ్ళిళ్ళలో బ్యాండు మేళం వాయిస్తుంటే నిలబడి విన్నవాళ్ళం మన వయసువాళ్ళమే మిగిలాం, మనకే కాస్త పట్టింపు ఉంటుందని చెబుతున్నాను.

వాళ్ళ గురువు మా తాత, అంటే మా అమ్మకి నాన్న. ఆయన ఒక చిన్న జమీందారు గారి బ్యాండులో ఉండేవాడు. జమీందారీలు పోయాక ఆ బ్యాండూ పోయింది, ఎవరు వాయించే వాయిద్యం వాళ్ళకే ఇచ్చేసి పంపించారట. విజయనగరంలో ఆ వాయిద్యాలతోనే తాత పెళ్ళి మేళం కట్టాడు. కొడుక్కి శాక్సాఫోను పట్టించాడు, మేనల్లుడికి ట్రంపెట్ పట్టించాడు, ఆ మేనల్లుడికే కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. నాన్నకి ఇంగ్లీషు స్వరాలు కాగితం మీద చూసి చదవడం వచ్చు. ఎలా ఉంటే అలాగే, ఒక్క చుక్క అటూ ఇటూ పోనీయకుండా వాయించేవాడు. మావయ్యకి చదవడం రాదు, చెవితో పట్టేవాడు, పట్టినదాన్ని తన ఇష్టం వచ్చినట్టు మార్చేసేవాడు. తాత చేతిలో దానికి తిన్న దెబ్బలకి లెక్కలేదని అమ్మ చెప్పేది. శాక్సాఫోనుని మా అమ్మ చివరిదాకా వంకర సన్నాయి అనే అంది.

నాన్న పగలు నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసి, పెళ్ళిళ్ళ రోజుల్లో మేళానికి వెళ్ళేవాడు. అలా ఒక పెళ్ళిలో వీళ్ళిద్దరినీ వాల్తేరు రైల్వేలో పనిచేసే ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు విన్నాడు. ఆయన పియానో వాయిస్తాడు, రైల్వేవాళ్ళ డ్యాన్సు హాలులో చిన్న బ్యాండు నడుపుతాడు, క్రిస్మస్ రోజుల్లో వాయించేవాళ్ళు కావాలి. అలా వీళ్ళు వాల్తేరు వెళ్ళడం మొదలైంది. ఆ డ్రైవరు దొర ఇంట్లో అమెరికా నల్లవాళ్ళు వాయించిన గ్రామఫోను రికార్డులు ఉండేవట. అది జాజ్ అని, పాట అందరికీ తెలిసిందే అయినా దాని మధ్యలో ఒక్కొక్కడూ వంతు తీసుకుని అప్పటికప్పుడు తోచింది వాయించాలని ఆయన చెప్పాడట. ఆ మాట విన్న రోజు మావయ్య ఇంటికి వచ్చి తాతతో, నువ్వు నన్ను కొట్టిందల్లా దీనికే, దీనికి ఒక పేరున్నాది తెలుసా అన్నాడని మా ఇంట్లో చాలా కాలం చెప్పుకున్నారు. తాత ఏమన్నాడో ఎవరూ చెప్పలేదు.

ఆ దొర తరువాత ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. పోతూ పోతూ కలకత్తాలో ఒక పెద్ద హోటలు బ్యాండుకి వీళ్ళిద్దరి పేర్లూ చెప్పాడు. ఇద్దర్నీ రమ్మన్నారు. నాన్నకి మిల్లులో పని ఉంది, ఇంట్లో నేనూ అమ్మా ఉన్నాం, తాతకి ఆయాసం మొదలైంది, మేళం చూసుకునేవాళ్ళు లేరు. నాన్న వెళ్ళలేదు. వెళ్ళాలని ఉండేదా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. ఉన్నాదో లేదో ఇప్పుడు తెలీదమ్మా అని మాత్రం అన్నాడు. మావయ్య వెళ్ళాడు. విజయనగరం స్టేషనులో కలకత్తా మెయిలు ఎక్కించి వచ్చి, అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు, నాన్న మాత్రం బట్టలు మార్చుకుని మిల్లుకి వెళ్ళిపోయాడు.

నేను బడిలో ఉన్నప్పుడు అమ్మా నేనూ ఒకసారి కలకత్తా వెళ్ళాం. కాళీఘాట్ మొక్కు అని పేరు గాని తమ్ముడు ఎలా బతుకుతున్నాడో చూడాలన్నదే అమ్మ మొక్కు. మావయ్య మమ్మల్ని మధ్యాహ్నం పూట హోటలు వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళి వంటశాల పక్కన నడవలో కూర్చోబెట్టాడు. కుర్చీలు లేవు, బంగాళాదుంపల బస్తాల మీద కూర్చున్నాం. అక్కడి నుంచి తలుపు సందులో హాలు కనిపించేది. సాయంత్రానికి వాయించవలసినవి అభ్యాసం చేస్తున్నారు. గోవావాళ్ళు ఇద్దరు ముగ్గురు, డ్రమ్ముల దగ్గర ఒక నేపాలీ, మధ్యలో కోటు విప్పి కుర్చీకి తగిలించి చొక్కా చేతులు మడత పెట్టుకున్న మా మావయ్య. మొదట అందరూ కలిసి ఏదో పాట వాయించారు. తరువాత ఒక్కొక్కరు ఆగిపోయారు, మావయ్య ఒక్కడే మిగిలాడు, కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. నాకేమీ అర్థం కాలేదు గాని వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడడం చూశాను.

అమ్మ నా చెవిలో, "ఏటే, ఏటి వాయిస్తన్నాడే వీడు? మన ఈదిలో వాయించినట్టు లేదే," అంది.

అయిపోయాక మావయ్య చెమటలు తుడుచుకుంటూ మా దగ్గరకి వచ్చాడు. అమ్మ అడిగింది, "ఒరే, అంతా బాగున్నాది గానీ, ఆ పాట సివర ఏటయిపోనాది?"

"దానికి సివర లేదప్పా," అన్నాడు మావయ్య అక్కతో. "అలిసిపోతే ఆపెయ్యడమే."

అమ్మ తల పట్టుకుంది. అయితే తిరుగు ప్రయాణంలో రైలు బరంపురం దాటాక నాతో, వాడు సుఖంగానే ఉన్నాడే, వదిలెయ్యాలి అంది. ఆ తరువాత ఇంట్లో మావయ్య పెళ్ళి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

నాకు రైల్వేలో ఉద్యోగం వచ్చి ఆమదాలవలసలో బుకింగు క్లర్కుగా వేశారు. ఊరు ఆమదాలవలస, స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు, ఈ తేడా తెలియని దూరపు ప్రయాణికులకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టేది. ఆ రోజుల్లో టిక్కెట్ల కిటికీ వెనక ఆడపిల్ల కూర్చోవడమే ఒక వింత, టిక్కెట్టు అక్కర్లేనివాళ్ళు కూడా వచ్చి తొంగి చూసిపోయేవారు. ఒకరోజు అలాగే ఒక ముఖం కిటికీలోకి వంగింది. జుట్టు చెవుల దగ్గర నెరిసింది, కోటు మోచేతుల దగ్గర అరిగింది, చేతిలో నల్లటి పెట్టె.

"ఏటే పిల్లా, మావని మర్సిపోనావేటి?"

కలకత్తాలో హోటళ్ళవాళ్ళు ఒకరి తరువాత ఒకరు బ్యాండులు తీసేశారు. కొందరు సినిమాల్లో వాయించడానికి బొంబాయి వెళ్ళారు. కాగితం చూసి వాయించడం రాని మావయ్యని ఎవరూ తీసుకోలేదు. విజయనగరం దాకా టిక్కెట్టు ఉన్నా, సొంత వీధిలో ఆ పెట్టెతో దిగడానికి మొహం చెల్లక ముందు స్టేషనులోనే దిగిపోయాడు. నేనుంటున్న అద్దె ఇంట్లో వరండాలో మంచం వేసుకుని కొన్నాళ్ళు ఉన్నాడు. పెట్టె తెరవలేదు. పగలంతా స్టేషనుకి వచ్చి బెంచీ మీద కూర్చుని, గూడ్సు బళ్ళకి ధాన్యం బస్తాలు ఎక్కిస్తుంటే చూసేవాడు. నాకు భయం వేసి నాన్నకి కబురు పంపాను.

నాన్న మధ్యాహ్నం పాసింజరులో వచ్చాడు. ఎన్నేళ్ళ తరువాతో చూసుకుంటున్నారు కదా, కౌగిలించుకుంటారో ఏడుస్తారో అని నేను కిటికీలోంచి చూస్తున్నాను. నాన్న బెంచీ దగ్గరకి వెళ్ళి, "ఒరే, లే. లగ్గాలు మొదలయినాయి, మనుసులు సాల్డం లేదు," అన్నాడు. మావయ్య లేచాడు. పెట్టె నాన్న పట్టుకున్నాడు. అంతే జరిగింది.

ఆ యేడే, నా కళ్ళ ఎదుటే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఆమదాలవలసలో ఒక బియ్యం వర్తకుల ఇంట్లో పెళ్ళి. పెళ్ళివారు బరంపురం వైపు నుంచి రైల్లో దిగుతున్నారు, ఎదురు సన్నాహానికి మా నాన్న మేళం. స్టేషను ముందు ఎర్రకోట్లూ జరీ పట్టీలతో వరసగా నిలబడ్డారు, వాళ్ళలో మావయ్య కూడా, ఆ ఎర్రకోటు ఆయనకి భుజాల దగ్గర బిగువు. పెళ్ళివారు దిగి బయటికి రాగానే అప్పట్లో అందరి నోటా ఉన్న సినిమా పాట ఒకటి ఎత్తుకున్నారు. పల్లవి బాగానే సాగింది. రెండోసారి పల్లవి వచ్చేసరికి మావయ్య దారి తప్పాడు. తప్పాడని అందరూ అనుకున్నారు. పాట ఇటు పోతుంటే శాక్సాఫోను అటు పోయింది, పైకి ఎక్కింది, మెలి తిరిగింది. క్లారినెట్టువాళ్ళు తడబడి ఆగిపోయారు. డ్రమ్ములు కొట్టేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొన్నాళ్ళుగా నోరు విప్పని మనిషి ఒక్కసారిగా మాట్లాడినట్టు ఉంది నాకు.

పెళ్ళికూతురి తండ్రికి కోపం వచ్చింది. వియ్యాలవారి ముందు పరువు పోతోందని ఆయన బాధ, అది తప్పు కూడా కాదు. చెయ్యెత్తి, "ఇదేటి మేళం? పాట రాకపోతే ఆపీండి!" అని కేకవేశాడు.

నాన్న ట్రంపెట్ దించాడు. ఆయన మేళానికి పెద్ద, ఆయన ఒక్క చూపు చూస్తే ఎవరైనా ఆగిపోవలసిందే, ఇప్పుడు మావయ్యని అందరి ముందూ కసురుతాడని నేను కిటికీ వదిలి గుమ్మంలోకి వచ్చేశాను. నాన్న మావయ్య వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ ట్రంపెట్ ఎత్తి, ఆ సినిమా పాటనే మొదటి నుంచి, నెమ్మదిగా, తిన్నగా, చిన్నపిల్లలకి కూడా తెలిసేటట్టు వాయించడం మొదలుపెట్టాడు. మావయ్య ఎంత దూరం పోయినా కింద పాట మాత్రం తెగలేదు. క్లారినెట్లు వచ్చి నాన్నతో కలిశాయి, డ్రమ్ములు అందుకున్నాయి. అప్పుడు మావయ్య వాయించేది దారి తప్పినట్టు లేదు, పాట చుట్టూ తిరిగినట్టు ఉంది. రిక్షావాళ్ళు రిక్షాలు దిగారు. మా స్టేషను మాస్టారు పచ్చజెండా చంకలో పెట్టుకుని బయటికి వచ్చారు.

వర్తకుడు ఇంకా ఏదో అనబోతుంటే, మగపెళ్ళివారిలో ఒక ముసలమ్మ, పెళ్ళికొడుకు నాయనమ్మ, చేతిసంచీ కింద పెట్టి మరీ చెప్పింది. "ఆడ్ని వాయించనియ్యండి బాబూ. సక్కగున్నాది. మా ఊర్లో ఇలాటిది నేదు."

వియ్యాలవారి తరపు పెద్దావిడ మాట, ఇంక తిరుగేముంది. విడిదింటి దాకా అలాగే వాయించుకుంటూ వెళ్ళారు. ఆ పెళ్ళి నుంచే వాళ్ళకి కలకత్తా మేళం అనే పేరు వచ్చింది. సాలూరు నుంచి ఇచ్ఛాపురం దాకా, ముహూర్తం పెట్టుకునే ముందు కలకత్తా మేళం ఖాళీగా ఉన్నాదా అని అడిగే ఇళ్ళు ఉండేవి. ఊరేగింపుల్లో ఇద్దరూ పక్కపక్కనే నడిచేవారు, నాన్న రోడ్డు మధ్యలో, మావయ్య కాస్త అంచున. ఇంట్లో పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. కలకత్తా గురించి నాన్న ఎప్పుడూ అడగలేదు, మావయ్య ఎప్పుడూ చెప్పలేదు.

అలా దాదాపు ఇరవై ఏళ్ళు నడిచింది. నాకు పెళ్ళయింది, శ్రీకాకుళం వచ్చేశాను, పిల్లలు పుట్టారు, అమ్మ పోయింది. నాన్న మిల్లు పని మానేశాక కూడా మేళం మానలేదు. అయితే ట్రంపెట్ వాయించేవాడికి ముందు పళ్ళే ఆధారం. నాన్న పళ్ళు ఒక్కొక్కటే కదిలిపోయాయి, చివరికి కట్టుడు పళ్ళు పెట్టించుకోవలసి వచ్చింది. అన్నం తినడానికి పనికొచ్చాయి గాని వాయించడానికి పనికిరాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు ఆయన.

శ్రీకాకుళంలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక పెళ్ళికి మేళం వచ్చింది. పొద్దున్న ముహూర్తం, పెళ్ళికొడుకుని విడిది నుంచి తీసుకొస్తున్నారు. నేను మా అరుగు మీద నిలబడి చూస్తున్నాను. ఎప్పటిలాగే నాన్న పాట పట్టుకున్నాడు, మావయ్య ఎప్పటిలాగే పైకి ఎగిరాడు. మా ఇంటి ముందుకి వచ్చేసరికి చరణంలో పై స్థాయికి వెళ్ళవలసిన చోట నాన్న ట్రంపెట్ లోంచి స్వరం రాలేదు, గాలి వచ్చింది. ఇంకోసారి ఊదాడు. మళ్ళీ గాలే. కింద పాట ఖాళీ అయిపోయింది. అప్పుడు మావయ్య, తను వాయిస్తున్నది ఎక్కడిదక్కడ వదిలేసి, ఒక్క అంగలో కిందికి దిగి నాన్న వాయించవలసిన వరసని అందుకున్నాడు. మెలిక లేదు, అలంకారం లేదు, నాన్న వాయించినట్టే, స్వరానికి స్వరం. జన్మలో ఆయన ఒక పాటని ఉన్నది ఉన్నట్టు వాయించగా నేను వినడం అదే మొదటిసారి. నాన్న ట్రంపెట్ పెదవులకి ఆనించుకునే నడిచాడు, వేళ్ళు కూడా కదిపాడు. పెళ్ళివాళ్ళెవరికీ ఏమీ తెలియలేదు.

పెళ్ళి భోజనాలయ్యాక ఇద్దరూ మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. నేను మంచినీళ్ళు ఇచ్చాను. నాన్న ట్రంపెట్ ని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి మూత వేసి, "ఇంక నువ్వు నడిపించీరా," అన్నాడు.

మావయ్య మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. తరువాత అన్నాడు, "నువ్వు పాట అట్టుకోకపోతే నానెక్కడికి ఎల్లగలను బావా?"

ఆ రోజుకి ముందు గాని తరువాత గాని వాళ్ళిద్దరి మధ్యా అంతకంటే పెద్ద మాట నేను వినలేదు.

మేళం మావయ్యే నడిపాడు. అయితే నాన్న మానేశాక ఆయన మళ్ళీ పైకి ఎగరలేదు. ఇంకో ట్రంపెట్ మనిషిని పెట్టుకోమని అందరూ అన్నారు, పెట్టుకోలేదు. పాటలన్నీ తిన్నగా, నాన్నలాగే వాయించాడు. వినేవాళ్ళు, ముసలాడికి ఓపిక తగ్గింది అనుకున్నారు. నాలుగైదేళ్ళకి పెళ్ళిళ్ళలో కీబోర్డులు వచ్చాయి, ఆ తరువాత లారీల మీద పెద్ద పెద్ద సౌండు బాక్సులు వచ్చాయి. మేళంలో ఉన్నవాళ్ళు ఒకడు పాన్ దుకాణం, ఒకడు ఆటో, ఇంకొకడు ఏ బొబ్బిలిలోనో వాచ్‌మన్ పని చూసుకున్నారు. వీళ్ళిద్దరూ నా దగ్గరకి వచ్చేశారు. చాలా ఏళ్ళు ఒకే గదిలో ఉన్నారు. టీవీలో క్రికెట్ చూసేవారు. నాన్నకి చెవులు వినపడేవి కాదు, ఎవరు అవుటయ్యారో మావయ్య వేలితో చూపించేవాడు.

నాన్న పోయిన రోజు ఎవరో తెలిసినవాళ్ళు, శాక్సాఫోను ఉన్నాది కదా, సాగనంపేటప్పుడు ఒక పాట వాయించమని మావయ్యని అడిగారు. వద్దని చెయ్యి ఊపాడు. శ్మశానం దాకా నడిచి వెళ్ళాడు, తిరిగి వచ్చి స్నానం చేసి, టీ పెట్టమని నన్నడిగాడు. మరుసటి ఏడు చలికాలంలో మధ్యాహ్నం పడుకున్నవాడు లేవలేదు.

ఇప్పుడు మా వీధిలో పెళ్ళి జరిగితే కిటికీ అద్దాలు అదురుతాయి. కుర్రాళ్ళు ఆడతారు, వాళ్ళ సంతోషం వాళ్ళది, దాన్ని తప్పుపట్టను. బాక్సుల్లోంచి వచ్చే పాట ఇక్కడ ఎలా ఉంటే టెక్కలిలోనూ అలాగే ఉంటుంది, నిన్న ఎలా వచ్చిందో రేపూ అలాగే వస్తుంది, ఎవరి పళ్ళు ఊడినా ఆగదు. మా వాళ్ళది ఒక్క ముక్క కూడా ఎవరూ రికార్డు చేసుకోలేదు. ఆ రోజుల్లో టేపు రికార్డరు ఉన్న ఇళ్ళు కూడా పెళ్ళిమంత్రాలూ అప్పగింతల పాటలూ పట్టుకున్నాయి గాని, వీధిలో నడిచిపోయే మేళాన్ని పట్టుకోవాలని ఎవరికి తోస్తుంది.

వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు అప్పుడప్పుడు కూనిరాగం తీస్తుంటాను. నాన్న వాయించినవన్నీ వస్తాయి, ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో ఆ చోటుతో సహా వస్తాయి, ఎందుకంటే ఆయన వెయ్యి పెళ్ళిళ్ళలోనూ ఒకేలా వాయించాడు. ఆ పాట మీద మావయ్యది కలుపుదామని చూస్తాను. ఆయన ఒక్కసారి వాయించింది ఇంకోసారి వాయించలేదు, అందుకని నాకు ఒక్కటీ రాదు. నాన్న పాట చివరిదాకా పాడుకుని, పైన మావయ్య చోటు అలాగే ఖాళీగా వదిలేసి, పొయ్యి ఆర్పేస్తాను.